జాజు మచ్చల లెక్క

నా చిన్నప్పుడు మా ఊరి మీదుగా విమానాలు పోవడం ఇంకా కొత్తే. శంషాబాద్ దగ్గర విమానాశ్రయం తెరిచి ఏడాదో ఏడాదిన్నరో అయి ఉంటుంది. తొండుపల్లి దాటి లోపలికి వస్తే పొలాల నడుమ మా ఊరు. మోత వినబడగానే పిల్లలం పుస్తకాలు పక్కన పడేసి డాబా మీదికి ఉరికేవాళ్ళం. విమానం పొట్ట కింద చక్రాలు బయటికి వచ్చాయా, రాలేదా అని పందాలు వేసుకునేవాళ్ళం.

ఆ ఏడు నేను తొమ్మిదో తరగతి. మిగతా చదువంతా ఫర్వాలేదు గానీ లెక్కల పుస్తకంలో సాంఖ్యక శాస్త్రం అనే పాఠం వస్తే మాత్రం నాకు కళ్ళు మూతలు పడేవి. సగటు, మధ్యగతం, బాహుళకం. ఎవరో ముప్పై మంది పిల్లలకు వచ్చిన మార్కులు పట్టికలో ఉంటాయి. వాటిని కూడాలి, భాగించాలి. ఆ పిల్లలెవరో తెలియదు, వచ్చిన జవాబుతో ఏం చేసుకోవాలో అసలే తెలియదు.

ఆ పాఠం చెప్పే టీచరు మా ఇంటి ముందు గదిలోనే కిరాయికి ఉండేవారు. కందుకూరు వైపు రైతుల బిడ్డ. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వెతుకుతున్నట్టు వేగంగా నడిచేవారు. ఊరంతా ఆమెను టీచరమ్మ అని పిలిచేది. "నీకు లెక్కలు రాక కాదు బిడ్డా, ఆ లెక్కతోని నీకు పని వడలేదు, అంతే" అని ఒకసారి నాతో అన్నారు. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. అర్థమయ్యే రోజు తొందరలోనే వచ్చింది.

వానలు మొదలయ్యే రోజుల్లో ఒక పొద్దున పక్కింటి చిన్నదాన్ని కుక్క కరిచింది. దానికి అయిదేళ్ళు. అంగన్‌వాడీకి పోతుంటే మోరీ కాలువ పక్కనుంచి వచ్చి పిక్క పట్టుకుంది. మా బాపు ఆ గాయాన్ని సబ్బు పెట్టి చాలాసేపు కడిగి, పిల్లనూ వాళ్ళ నాయననూ బండి మీద ఎక్కించుకుని పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. సూది వేశారు, ఇంకా నాలుగు సార్లు రావాలన్నారు. మరునాడు ఆ కుక్క రోడ్డు పక్క గుంతలో నోటి నిండా నురగతో చచ్చి కనిపించింది. పిచ్చిదే అన్నారు అందరూ. ఆ చిన్నదానికి ఒక అక్క ఉంది, మా బడిలోనే పదో తరగతి. నేను పక్కింటి అక్క అని వెంట తిరిగే మనిషి. ఆ రోజు నుంచి ఆమె మా ఇంటికి రావడం మానేసింది. ఎందుకంటే మా గడప ముందు మా కుక్క కర్రి పడుకుని ఉండేది.

బుధవారం సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు ఊరంతా చేరింది. పెద్దవాళ్ళ వెనక గోడెక్కి నేనూ కూర్చున్నాను. కిరాణా దుకాణం తాత అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నాడు.

"మూడు వందలకు తక్కువ లెవ్వు. నా దుకాణం ముంగటనే పొద్దుగాల ఇరవై ఉంటయ్."

"మూడు వందలేంది, అయిదు వందలున్నయ్" అన్నారు ఇంకెవరో. "ఎయిర్‌పోర్టు కట్టెటోళ్ళ గుడిసెలు లేసిపోయినంక ఆ కుక్కలన్నీ మన మీదనే వడ్డయ్."

పశువుల డాక్టరు సారును కూడా పిలిపించారు. గోదావరి వైపు మనిషి, కొత్తగా వచ్చాడు. ప్రతి మాటకూ చివర అండీ అంటాడని పిల్లలం నవ్వుకునేవాళ్ళం. "టీకాలు వేస్తే సరిపోతుందండి" అన్నాడు ఆయన. "కానీ మూడు వందలు, అయిదు వందలు అంటే నేనొక్కణ్ణి వెయ్యలేను, పైవాళ్ళు అన్ని మందులూ ఇవ్వరు. ఏ అరవయ్యో డెబ్బయ్యో అయితే రాసి తెప్పిస్తాను, ఆదివారాలు కూర్చుని వేసేస్తాను. సరిగ్గా ఎన్నో చెప్పండి చాలు."

ఎన్నో ఎవరికీ తెలియదు. సర్పంచ్ తల గోక్కుని, "ఇగ ఒక్కటే తొవ్వ. మందు పెట్టుడే" అన్నాడు. మందు అంటే ఏమిటో నాకు తెలుసు. విషాన్ని మాంసం ముద్దల్లో కలిపి గల్లీ గల్లీకి వేస్తారు. కర్రి ఎవరు ఏం పెట్టినా తింటుంది. గోడ మీద కూర్చున్నదాన్ని మా ఇంటి వైపు తిరిగి చూశాను.

అప్పుడు టీచరమ్మ ఆడవాళ్ళ మధ్యలోంచి లేచారు. "సర్పంచన్నా, జర ఆగుండ్రి. మూడు వందలని ఎవరన్న లెక్కవెట్టిన్రా?"

"కుక్కలేమన్న లైన్ల నిలవడ్తయా టీచరమ్మా, లెక్కవెట్టనీకి?" అన్నాడు కిరాణా తాత. అందరూ నవ్వారు. టీచరమ్మ కూడా నవ్వారు.

"నిలవడకున్నా లెక్కవెట్టచ్చు తాతా. చూపిస్త ఉండు." గోడ మీద ఉన్న నా వైపు తిరిగి, "ఉరుకు బిడ్డా, మీ అమ్మనడిగి చింతగింజల డబ్బా తే. గొల్లతాతనడిగి జర జాజు గూడ తే" అన్నారు.

జాజు అంటే గడపలకు పూసే ఎర్రమన్ను. మా ఊరి గొల్లతాత దాన్ని చెట్టు బంకలో కలిపి, తన గొర్రెలు వేరే మందలో కలిసిపోకుండా వాటి వీపుల మీద పూసేవాడు. నేను ఎగిరి దూకి ఉరికాను. డబ్బా, జాజు గిన్నె పట్టుకుని తిరిగి వచ్చేసరికి జనం గుండ్రంగా నిలబడి ఉన్నారు. నాకు ఊపిరి ఆడటం లేదు.

"ఇండ్ల ఎన్ని గింజలున్నయో చెప్పుండ్రి" అన్నారు టీచరమ్మ డబ్బా ఆడిస్తూ. నూరు అన్నారొకరు. అయిదు వందలు అన్నారు ఇంకొకరు. కిరాణా తాత వెయ్యి అన్నాడు. అప్పుడామె ఆయన చేతనే ఒక గుప్పెడు తీయించారు. లెక్కపెడితే నలభై ఉన్నాయి. ఆ నలభై గింజలకూ జాజు పూసి, గాలికి ఆరబెట్టి, మళ్ళీ డబ్బాలో వేసి మూత పెట్టి బాగా కలిపారు. కలిపి మళ్ళీ తాత ముందు పెట్టారు. "కండ్లు మూసుకొని ఇంకో గుప్పెడు తియ్యి తాతా."

రెండో గుప్పెట్లో నలభై ఎనిమిది వచ్చాయి. వాటిలో ఎర్రవి ఎనిమిది.

"నలభై ఎనిమిదిల ఎనిమిది ఎర్రయి. అంటే ఆరింటికి ఒకటి" అన్నారామె. "గుప్పెట్ల ఆరింటికి ఒకటి ఉంటే, డబ్బాల గూడ దగ్గరదగ్గర అంతే ఉంటది. డబ్బాల ఎర్రయి నలభై అని మనకు ఎర్కనే. మరి ఆరో వంతే నలభై అయితే మొత్తం ఎంత?"

నాకు తెలియకుండానే నా నోట్లోంచి కేక వచ్చింది. "రెండు వందల నలభై!"

అందరూ నా వైపు చూశారు. సర్పంచ్ ఆ గుప్పెడు గింజలను కూడా డబ్బాలో వేసి, అంతా నేల మీద గుమ్మరించాడు. ముగ్గురు మనుషులు మోకాళ్ళ మీద కూర్చుని పదేసి చొప్పున కుప్పలు పెట్టారు. కుప్పలు పెరుగుతుంటే జనం మీది మీదికి వంగారు. ఇరవై నాలుగు కుప్పలు. ఇరవై అయిదు. ఇంకొక్క గింజ. రెండు వందల యాభై ఒకటి!

ఆ సాయంత్రం ఊళ్ళో పుట్టిన కేక నాకిప్పటికీ వినబడుతుంది. పదకొండే తేడా. కిరాణా తాత తన గుప్పిటను తనే నమ్మలేనట్టు తిప్పి తిప్పి చూసుకున్నాడు. పుస్తకంలో నన్ను నిద్రపుచ్చిన భాగహారం కళ్ళ ముందు మాయలా పనిచేసింది. అది మాయ కాదనీ, నేను కూడా చేయగలననీ తెలియడం దానికంటే పెద్ద సంబరం. సర్పంచ్ ఆదివారం దాకా గడువిచ్చాడు. అప్పటికి కుక్కల లెక్క తేలకపోతే మందు పెట్టడమే.

గురువారం పొద్దున ఆరు గంటలకు మా వాకిట్లో ఇరవై మందిమి చేరాం. టీచరమ్మ ఊరిని ఆరు భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక పెద్దమనిషినీ ఇద్దరు పిల్లలనూ పెట్టారు. పెద్దమనిషి చేతిలో పొడవైన వెదురు కర్ర, దాని చివర జాజులో ముంచిన గుడ్డ. పిల్లలు కుక్కల దగ్గరికి పోకూడదు, ఉరకకూడదు, దూరంగా నిలబడి రాసుకోవాలి. అందరూ ఒకే సమయానికి మొదలుపెట్టి అరగంటలో ఆపేయాలి.

అన్నం ముద్దలు వేసి పిలుద్దామని ఎవరో అన్నారు. టీచరమ్మ ఒప్పుకోలేదు. "అన్నానికి ఉరికొచ్చేటియి మచ్చికైనయే. రేపు గూడ అయ్యే వస్తయ్. బెదిరేటియి మన లెక్కలకే రావు. మనకు సూది అక్కెర వడేది వాటికే" అన్నారు. అందుకని మా బాపు మా గల్లీలో తిరుగుతూ తోక ఊపేవాటిని మాత్రమే కాకుండా, కంప చెట్ల కింద ముడుచుకుని పడుకున్నవాటి దగ్గరికి కూడా మెల్లగా పోయాడు. నిద్రమత్తులో ఉన్న దాని నడుము మీద అలా ఒక్క అద్దు. అది దిగ్గున లేచి ఒకసారి చూసి, ఆవులించి, మళ్ళీ పడుకునేది. కిరాణా తాత తన గల్లీ నుంచి తిరిగి వచ్చినప్పుడు కుక్కలకంటే ఆయన ధోతికే ఎక్కువ జాజు ఉంది. ఆయన మొహంలో పదేళ్ళ పిల్లాడి వెలుగు.

మొత్తం ముప్పై ఒక్క కుక్కలకు మచ్చలు పడ్డాయి. కర్రికి కూడా.

ఆ తెల్లారి శుక్రవారం రెండో పని. ఈసారి కర్రలు లేవు, కాగితాలే. కనిపించిన ప్రతి కుక్కకూ ఒక గీత. మచ్చ ఉంటే ఎడమ గడిలో, లేకపోతే కుడి గడిలో. చూసినవాటిలో మచ్చలవి ఎన్నో వంతో తెలిస్తే, చింతగింజల లాగే మొత్తం తేలిపోతుంది. టీచరమ్మ నన్ను పక్కింటి అక్కతో జత చేశారు. అది నాకు నచ్చలేదు. ఆమెకూ నచ్చలేదు. దారంతా నాతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు.

మాకు ఊరి చివర కోళ్ళ ఫారం వైపు పడింది. బాపు మా వెనకాలే వస్తూ బీడీ వెలిగించుకోవడానికి ఆగాడు. అక్క ఫారం గోడకు అటువైపు చూసి వస్తానని పోయింది. నేను ఇటువైపు తిరిగేసరికి, కోళ్ళ ఈకలు పారబోసే చోట, ఒకటి కాదు రెండు కాదు, ఏడు కుక్కలు. ఒక్కదాని మీదా మచ్చ లేదు.

లెక్క నాకు బాగా అర్థమైంది. నా తప్పుకు అదే మొదలు. మచ్చ లేనివి ఎక్కువైతే మొత్తం పెరుగుతుంది. మొత్తం పెరిగితే డాక్టరు సారు నా వల్ల కాదంటాడు. అప్పుడు మందు ముద్దలు వస్తాయి. నా పెన్సిలు కుడి గడి మీదికి వచ్చి ఆగింది. అక్క తిరిగి వచ్చేలోపు నేను కాగితం మడిచి ముందుకు నడిచేశాను.

అందరి కాగితాలూ మా అరుగు మీద చేరాయి. కూడితే, చూసినవి ముప్పై మూడు, మచ్చలవి పందొమ్మిది. టీచరమ్మ సుద్దముక్కతో గోడ మీద గుణించి, భాగించి, యాభై నాలుగు అని రాశారు. డాక్టరు సారు మొహం విప్పారింది. "యాభై నాలుగే అయితే ఒక్క ఆదివారంలో అయిపోతుందండి" అంటూ జేబులోంచి పెన్ను తీశాడు. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

డాక్టరు సారు కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. నేను ఆ పెన్ను వైపే చూస్తున్నాను. అప్పుడే పక్కింటి వాకిట్లోంచి చిన్నది కట్టు కట్టిన కాలు ఈడుస్తూ మా అరుగు దాకా వచ్చి, గోడ మీది అంకెలను వింతగా చూస్తూ నిలబడింది. కోళ్ళ ఫారం దాటితే వాళ్ళ అంగన్‌వాడీ. ఆ ఏడు కుక్కలూ తిరిగేది అక్కడే.

"టీచర్, ఏడు కుక్కలను నేను రాయలే" అన్నాను.

ఎంత మెల్లగా అన్నానో నాకే తెలియదు. కానీ డాక్టరు సారు పెన్ను ఆగిపోయింది. ఎందుకు రాయలేదని టీచరమ్మ అడిగారు. కర్రిని చంపుతారని భయపడ్డానని చెప్పాను. ఏడుపు తన్నుకొచ్చింది. కొడతారనుకున్నాను. ఆమె నా చేతిలోంచి ఆ కాగితం తీసుకుని నా పక్కన కూర్చున్నారు.

"నువ్వు రాయకుంటే ఆ ఏడు కుక్కలు ఊర్ల లేకుండ పోతయా బిడ్డా?"

తల అడ్డంగా ఊపాను.

"కుక్కలు యాడికి పోవు. వాటికి రావాల్సిన సూదులే పోతయ్."

ఏడు కలిపి మళ్ళీ భాగిద్దామన్నాను. అందుకామె ఒప్పుకోలేదు. "ఈ పొద్దు నువ్వు చెప్పినవని ఏడు కలుపుత. రేపు ఇంకెవరో చెప్తె ఇంకో పది తీసెయ్యాలె. అట్ల కలుపుకుంట తీసుకుంట పోతే ఇగ లెక్కెందుకు? రేపు పొద్దుగాల మళ్ళ పోదాం." అని గోడ మీది యాభై నాలుగును అరచేత్తో తుడిచేశారు. తెల్లగా దుమ్ము రాలింది. నా వల్ల ఊరంతటి శ్రమ తుడిచిపెట్టాల్సి వచ్చిందని నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

డాక్టరు సారు ఆకాశం వైపు చూశాడు. "మబ్బు పట్టిందండీ. వాన పడితే ఆ రంగు నిలుస్తుందా?"

"బంక కలిపిన జాజు సారూ" అన్నాడు గొల్లతాత. "చిన్న వానకు పోదు. పెద్ద వానొస్తే మాత్రం నా చేతుల లేదు."

ఆ సాయంత్రం నేను ఇంట్లోంచి బయటికి రాలేదు. పొద్దుగూకే వేళకు పక్కింటి అక్క మా గడప దగ్గరికి వచ్చింది. కర్రి పడుకునే ఉంది. అది లేవకుండా చూసుకుంటూ కాస్త దూరంగానే నిలబడి, "నేను గూడ రెండు ఎక్కువ రాద్దామనుకున్న" అంది. "గోడ అవతల నాలుగే ఉండె. ఆరు రాస్తే అందరు భయపడి మందు పెడ్తరనుకున్న. మళ్ళ ఎందుకో చెయ్యి రాలే." ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. మమ్మల్నిద్దరినీ ఎందుకు జత చేశారో నాకు అప్పుడు తట్టింది. తక్కువ కావాలనుకునే కళ్ళనూ ఎక్కువ కావాలనుకునే కళ్ళనూ ఒక్కచోట పెట్టారు టీచరమ్మ. మేం ఇద్దరం ఒక్కచోట నిలబడకుండా గోడకు అటొకరూ ఇటొకరూ పోయాం. అక్కడే చెడింది.

శనివారం తెల్లవారుజామున తుంపర మొదలైంది. పడుకున్న చోటి నుంచి దిగ్గున లేచి వాకిట్లోకి ఉరికాను. కర్రి నడుము మీద మచ్చ ఉందా? ఉంది! కాస్త కారింది గానీ ఎర్రగా ఉంది. ఆరు గంటలకు తుంపర ఆగింది. ఎవరూ పిలవకుండానే అందరూ వచ్చేశారు. చూడటానికి వచ్చినవాళ్ళే ఇంకో ముప్పై మంది ఉన్నారు. టీచరమ్మ ఈసారి ఒక్క నియమం కలిపారు. జతలో ఇద్దరూ చూడాలి, ఇద్దరూ పైకి చెప్పాలి, ఆ తర్వాతే పెన్సిలు కదలాలి.

"మచ్చ ఉన్నది" అంటుంది అక్క. "ఉన్నది" అంటాను నేను. గీత. "లేదు." "లేదు." గీత. కోళ్ళ ఫారం దగ్గర ఆ రోజు తొమ్మిది ఉన్నాయి. రెండింటికే మచ్చ. నా నోటితో నేనే ఏడు సార్లు లేదు అన్నాను. ప్రతిసారీ అక్క నా వైపు చూసింది. వెనక్కి వచ్చేటప్పుడు మేమిద్దరం బురదలో జారుతూ, పడుతూ లేస్తూ, కాగితం తడవకుండా నెత్తి మీద ఎత్తిపట్టుకుని ఉరికాం. నవ్వు ఆగలేదు. ఎన్నో రోజుల తర్వాత ఆమె నా చెయ్యి పట్టుకుంది.

చూసినవి నలభై ఒకటి. మచ్చలవి ఇరవై. అంటే దాదాపు సగం. మచ్చలు వేసిన ముప్పై ఒకటి ఊరి కుక్కల్లో దాదాపు సగమన్నమాట. టీచరమ్మ గోడ మీద భాగహారం చేస్తుంటే అరుగు కింద జనం మెడలు సాచి చూశారు. అరవై మూడున్నర!

"అరవై మూడు సరే, అర కుక్క యాడికెళ్ళి వచ్చింది టీచరమ్మా?" అన్నాడు కిరాణా తాత. జనం విరగబడి నవ్వారు. ఆమె నవ్వుతూనే జవాబు చెప్పారు.

"అది కుక్క కాదు తాతా, మనకు తెల్వదని చెప్పే గుర్తు. అరవై మూడు అనుకుంటున్నం. యాభై అయిదు గావచ్చు, డెబ్బై అయిదు గూడ గావచ్చు. చింతగింజలు గూడ పదకొండు తప్పినయి గద. గని మూడు వందలు మాత్రం కావు, అయిదు వందలు అసలే కావు."

"మరి నాకు దుకాణం ముంగట ఇరవై ఎట్ల కనవడ్డయ్?"

"నీకు కనవడ్డ ఇరవయ్యే గుడి కాడ వీళ్ళకు కనవడ్డయ్, బస్టాపు కాడ వాళ్ళకు కనవడ్డయ్. కరిసినప్పటి సంది అందరం భయంతోని చూస్తున్నం. ఒక్క కుక్కను పది మంది పది గల్లీల్ల చూస్తే అది పది కుక్కలైంది."

డాక్టరు సారు తక్కువ పడకుండా ఎనభై టీకాలకు రాశాడు. ఆదివారం పంచాయతీలో సర్పంచ్ ఆ కాగితం మీద సంతకం పెడుతూ, "నేను మూడు వందలని నమ్మిన. ఇంకో రెండు దినాలైతే ఏం పని చేస్తుంటినో" అన్నాడు. మందు పెట్టే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

టీకాలు వచ్చాక రెండు ఆదివారాలు మా ఊళ్ళో జాతరే. పట్నం నుంచి వలలతో కుక్కలను పట్టేవాళ్ళు ఇద్దరు వచ్చారు. సూది వేసిన ప్రతిదాని మీదా డాక్టరు సారు నీలం రంగు చుక్క పెడుతుంటే, మేం గోడ మీద గీతలు గీశాం. యాభై దాటాక పిల్లలందరం ఒక్కో అంకెనూ అరుస్తూ లెక్కపెట్టాం. యాభై ఆరు! యాభై ఏడు! యాభై ఎనిమిది దగ్గర ఆగింది. దొరక్కుండా కంపల్లోకి పారిపోయినవి నాలుగో అయిదో ఉన్నాయన్నారు పట్టేవాళ్ళు. నేను వేళ్ళ మీద కలుపుకున్నాను. అరవై రెండో, అరవై మూడో. ఊళ్ళో ఉన్న కుక్కలన్నిటినీ ఎవరూ ఒక్కసారి కూడా చూడలేదు. అయినా ఎన్నున్నాయో మాకు వారాల ముందే తెలుసు! పక్కింటి చిన్నది సూదులన్నీ పూర్తి చేసుకుని అంగన్‌వాడీకి మళ్ళీ పోవడం మొదలుపెట్టింది. మొదట్లో వాళ్ళ అక్కా నేనూ చెరో చెయ్యి పట్టుకుని దింపివచ్చేవాళ్ళం.

తర్వాతి వారం బడిలో మళ్ళీ సాంఖ్యక శాస్త్రం పాఠం వచ్చింది. పట్టికలో ఎవరో ముప్పై మంది మార్కులు. ఈసారి నిద్ర రాలేదు. వీళ్ళెవరు, ఎవరు లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు అని అడగాలనిపించింది. అడిగాను కూడా. టీచరమ్మ పాఠం ఆపి కిటికీ వైపు తిరిగి కాసేపు నిలబడ్డారు. ఆమె నవ్వుకుంటున్నారని భుజాలు చూస్తే తెలిసింది.

రెండేళ్ళకు ఆమెకు బదిలీ అయింది. నేను డిగ్రీలో అదే సబ్జెక్టు తీసుకున్నాను. ఇప్పుడు ఈ చుట్టుపక్కల బడిలోనే లెక్కలు చెబుతున్నాను. నా దగ్గర చదివే పిల్లలకు నేనే పాతకాలపు మనిషిని. సర్వీసు రోడ్డు మీద హెల్మెట్ లేని బండ్లు ఎన్నో, మధ్యాహ్న భోజనంలో ఏ కూర ఎక్కువ మిగులుతుందో, విమానం మోతకు నా పాఠం రోజుకు ఎన్నిసార్లు ఆగుతుందో వాళ్ళ చేతే లెక్క తీయిస్తాను. వాళ్ళు కాగితాలు పట్టుకుని ఉరికొచ్చేటప్పుడు ఆ మొహాలు చూడటమంటే నాకు చెప్పలేనంత ఇష్టం.

మొన్న ఒక రోజు ఇలా నేర్చుకోవడం వల్ల పిల్లలకు నిజంగా మేలు జరిగిందా అని నేనే పరీక్ష పెట్టి, పాత మార్కులతో పోల్చి చూశాను. సగటు బాగా పెరిగింది. సంతోషం పట్టలేక ఆ కాగితం పట్టుకుని హెడ్మాస్టరు గది వైపు సగం దూరం నడిచాను. ఆయనకు ఏమని చెప్పాలో మాటలు కూడా కూర్చుకున్నాను. అప్పుడు నా కాళ్ళు వాటంతటవే ఆగాయి. నాకు కావలసిన అంకె నాకు కావలసినట్టే వచ్చినప్పుడల్లా ఇలా ఆగిపోవడం ఆ శుక్రవారం నుంచి నాకు అలవాటైంది. చంకలో ఉన్న హాజరు పట్టీ తెరిచాను. పరీక్ష రోజు ముగ్గురు రాలేదు. ముగ్గురూ లెక్కల్లో వెనకబడిన పిల్లలే. వరండాలో నిలబడి ఆ ముగ్గురి పేర్లూ నా కాగితం కింద రాసుకుని, హెడ్మాస్టరు గదికి కాకుండా మళ్ళీ నా తరగతికే నడిచాను.